వంటింటి కొలత – ప్రసాద ధర్మము

కల్యాణ పట్టణమున బసవేశ్వరుని మహామనె వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వాటితోనే నిత్యము జంగమ దాసోహము నడిపిన శరణుడు మారయ్య. ఏరిన బియ్యమే ఆయన కాయకము గనుక కన్నడమున ఆయనకు ‘ఆయ్దక్కి మారయ్య’ అను పేరు నిలిచెను. ఆయన ధర్మపత్ని లక్కమ్మ. ఒకనాడు మారయ్య ఎప్పటికన్న ఎక్కువ బియ్యము మూటగట్టి తెచ్చెను. లక్కమ్మ మూట చేతబట్టి చూచి, ఇది మన నిత్యపు కొలత కాదని గుర్తించి, వెంటనే వండుటకు పూనుకొనలేదు. అవసరమునకు మించినది ఆశ అగునని, ఆశ రాజులకు తగినది గాని శరణులకు తగదని చెప్పి, మిగులు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపినది. మారయ్య మారుమాటాడక అట్లే చేసెను.

ఈ కథను మఠములలో పురాణ శ్రవణ సమయమున విన్నవారు దీనిని ఆశాత్యాగమునకు దృష్టాంతముగా చెప్పుకొనుట వాడుక. అది సరియే. కాని ఈ కథలో వంటింటికి సంబంధించిన విషయ మొకటి ఉన్నది. దానిని గూర్చి అంతగా ఎవరును మాటాడరు. ఆ ఇంటికి ఎంత బియ్యము కావలెనో తెలిసినది లక్కమ్మకు. తెచ్చినవాడు మారయ్య, కొలిచినది ఆమె. మూట బరువు చేతితో చూచి, దినపు కొలతకు మించినదని చెప్పగలుగుట ఏ శాస్త్రగ్రంథము చదివినను వచ్చునది కాదు. నిత్యము వండి వడ్డించు చేతికే అది తెలియును. శరణ చరిత్రలో వంటింటి కొలత ధర్మ నిర్ణయమునకు ఆధారమైన ఘట్టము ఇది.

నేటి గృహస్థునకు ఈ కథ వేరొక రూపమున ఎదురగుచున్నది. అతని మూట సాధారణముగా ఎక్కువ కాదు, తక్కువ. తిరుపతిలో చిన్న జీతముపై బ్రదుకు కుటుంబమును గాని, చిత్తూరు ప్రాంతమున రెండు మూడు ఎకరముల మెట్టచేనుపై ఆధారపడిన కుటుంబమును గాని తీసికొనినచో, నెల మొదటి వారమున సరుకుల చీటీ వ్రాయునప్పుడే ఏది తగ్గింపవలెనను ఆలోచన మొదలగును. దాసోహము విధి, అతిథిని ఆకలితో పంపుట దోషము. అయినను డబ్బా అడుగున ఉన్న కందిపప్పు నెలాఖరు వరకు రావలెను. ఇట్టి ఇంట లెక్క చూచుకొనుట భక్తికి లోపమా? లెక్క చూచుకొనక ఖర్చు చేయుట భక్తియా? ఈ రెండు ప్రశ్నలను విడదీసి చూచుట సులభము కాదు.

ముందు లెక్కనే చూడవలెను. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము ప్రాధాన్య కుటుంబములలో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యము లభించును. 2023 జనవరి నుండి అది ఉచితమైనది. ఐదుగురున్న ఇంటికి 25 కిలోలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములలో ఒక పెద్ద మనిషికి దినమునకు ధాన్యములు సుమారు 250 గ్రాములు, పప్పుధాన్యములు సుమారు 85 గ్రాములు సూచింపబడినవి. ఆ లెక్కన ఐదుగురికి నెలకు ధాన్యము ముప్పదియేడున్నర కిలోలు, పప్పుధాన్యములు దాదాపు పండ్రెండుముక్కాలు కిలోలు కావలెను. ధాన్యములో మూడింట రెండు వంతులు కార్డుపై వచ్చుచున్నవి. పప్పు మాత్రము చాలవరకు అంగడిలో కొనవలసినదే. కనుక మన సీమలో బీదయింటి వంట నేడు అన్నము వద్ద తెగదు, పప్పు వద్ద తెగును. కడుపు నిండుచున్నది గదా అని సంతృప్తి చెందు గృహస్థుడు ఈ సంగతిని గమనింపడు. వరియన్నమును చారునీళ్లతో నింపుకొనిన కడుపును, పప్పు తిన్న కడుపును ఒకటిగానే శాంతించును. దేహమునకు తెలియు భేదము ఆలస్యముగా తెలియును.

దేశము మొత్తముమీద 1999–2000లో గ్రామీణ కుటుంబము తన వ్యయములో నూటికి 59 వంతులు ఆహారమునకే వెచ్చించెడిది. 2022–23 సర్వే నాటికి అది 46 వంతులైనది. పట్టణములలో 48 నుండి 39కి తగ్గినది. ఈ తగ్గుదలను చూచి ఆహారపు చింత తీరినదని తలంచువారున్నారు. చదువు, వైద్యము, ఇంటి అద్దె, ప్రయాణములు పెరిగిన కొలది వంటింటి వంతు చిన్నదగుట సహజము. కాని చిన్నదైనను దానినే మొదట కోయుదురు. అద్దె తగ్గింపుమనినచో యజమాని వినడు, బడి రుసుము తగ్గదు. కోతకు లోబడునది వంటిల్లొక్కటే.

పూర్వము ఈ సీమవారు ఈ కొరతను తీర్చుకొనిన తీరు గమనింపదగినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి తిరుపతి వేరు జిల్లా అయినది గాని, వంటకు ఆ హద్దు లేదు. మదనపల్లె వైపునను, పలమనేరు వైపునను, శ్రీకాళహస్తి వైపు మెట్ట గ్రామములందును రాగిసంగటి నిన్న మొన్నటి వరకు నిత్యాహారము. నూకలు ఉడికించి, రాగిపిండి పోసి, కట్టెతో కెలికి ముద్ద చేసినచో కొద్దిపాటి బియ్యము ఇంటిల్లిపాదికి సరిపోయెడిది. దానికి తోడు ఉలవలు, అలసందలు, అనపగింజలు, ఇక్కడివారు చెనిక్కాయలను వేరుశెనగ – ఇవి యన్నియు వానాధారపు చేలలో పండునవే. రాగులలో సున్నపు ధాతువు 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా ఉండగా, మిల్లు పట్టిన బియ్యమున అది పది మిల్లీగ్రాముల దరిదాపుల నున్నది. బియ్యపు కార్డు వచ్చిన తరువాత సంగటి పేదరికపు గుర్తయినది. పెద్ద హోటళ్లలో మరల దానిని ప్రత్యేక వంటకముగా వెలకట్టి వడ్డించుచుండగా చూచి, తన యింట దానిని మానివేసిన గృహస్థు ఏమనుకొనునో!

ఆహారమునకు హెచ్చుతగ్గుల గౌరవము కల్పించుట శివభక్తుల మార్గము కాదని పాల్కురికి సోమనాథుడు తన బసవ పురాణమున మాదార చెన్నయ్య కథ ద్వారా చూపెను. చెన్నయ్య చోళరాజు గుర్రములకు గడ్డి కోయువాడు. తన భక్తిని బయటపెట్టక, తాను త్రాగు అంబలినే శివునకు అర్పించెడివాడు. ఒకనాడు కరికాల చోళుడు అర్పించిన రాజభోజ్యములను స్వామి ఆరగింపలేదు. చెన్నయ్య యింట అంబలి త్రాగినందున ఆకలి లేదని తెలిసి రాజు ఆ గడ్డికోత వానిని వెదకుకొని వెళ్లెను. మఠములలో ఈ కథ చెప్పినప్పుడు రాజు వచ్చి భక్తుని పాదములపై బడిన ఘట్టమును విస్తరింతురు. అంబలిని మాత్రము ఒక మాటలో దాటివేయుదురు. అయితే స్వామి ఆరగించినది అదియే గదా! దాని వెల ఎంత, అది ఏ పాత్రలో ఉన్నది అను ప్రశ్న అచట రాలేదు.

ఇక ప్రసాద ధర్మము. అష్టావరణములలో ప్రసాదము ఒకటి. షట్స్థలములలో ప్రసాది స్థలము మూడవది. వడ్డించుకొనిన పదార్థమును ఇష్టలింగమునకు అర్పించిన పిమ్మటనే లింగధారి భుజించును. అర్పితమైనది పదార్థము కాదు, ప్రసాదము. ప్రసాదమును కంచమున విడిచి చేయి కడుగుట తగదు. ఈ నియమము ఒక్కటి మనసున పెట్టుకొనినచో వంటింటి కొలత భక్తికి వెలుపలిదను భ్రమ తొలగును. విడువరాదన్నచో తినగలిగినంతయే వడ్డించుకొనవలెను. తినగలిగినంతయే వడ్డించుకొనవలెనన్నచో ఎంత వండవలెనో ముందుగా తెలియవలెను. కనుక పడి నింపి బియ్యము తీసి, పైభాగమును అరచేతితో సమము చేయు ఇల్లాలు అర్పణకు మొదటి మెట్టున ఉన్నది. ఆమె పిసినారితనము చేయుచున్నదని నవ్వువారు ఈ సంగతి ఎరుగరు.

పెండ్లిండ్లలో, గృహప్రవేశములలో అప్పు తెచ్చి పది రకములు వండి, విస్తరిలో సగము పారవేయించు గృహస్థులను గూర్చి ఇచ్చట విస్తరింప పనిలేదు. అది దాసోహము కాదని వారికే తెలియును. ఆ అప్పు తీరువరకు ఇంటిలో పాలు తగ్గించుట మాత్రము ఎవరును ప్రకటింపరు.

పొదుపును గూర్చి వ్రాయువారు సాధారణముగా ఇచ్చటితో ఆగుదురు. కాని అసలు కష్టము ఇచ్చటనే మొదలగుచున్నది. ఇంట కొలత తప్పిన దినమున ఆ లోటు ఎవరి కంచమున పడుచున్నది? ఊరు ఏదైనను సమాధానమొకటే. మొదట బిడ్డలు, పిదప భర్త, అత్తమామలు, వచ్చిన చుట్టము, చివరకు వండిన ఆమె. పప్పు అడుగంటినచో ఆమెకు పచ్చడి. పచ్చడి లేనిచో మజ్జిగ. మిగిలినదానిని పారవేయరాదు గనుక మిగులును కూడ ఆమెయే తినవలెను. కొరత వచ్చినను ఆమెకే, మిగులు వచ్చినను ఆమెకే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నదని లెక్కగట్టినది. దీనికి కారణము ఒక్క వడ్డన క్రమమే అనుట పొరపాటు. రక్తస్రావము, కాన్పులు, నులిపురుగులు, ఆహారములోని ఇనుము సరిగా ఒంటబట్టకపోవుట మొదలైన కారణములు పెక్కులున్నవి. అయినను చివర కూర్చుండు కంచమునకు ఈ సంఖ్యతో సంబంధము లేదని ఎవరనగలరు?

వీరశైవ గృహమున ఈ విషయము ఇతర గృహములకన్న తీవ్రమైనది. ఏలయన, ఇచ్చట స్త్రీకిని దీక్ష కలదు. ఆమెయు ఇష్టలింగమును ధరించును. భర్త కరతలమున ఉన్న లింగము పెద్దది, భార్య కరతలమున ఉన్న లింగము చిన్నది అని ఏ ఆచార్యుడును చెప్పలేదు. ఆమె భోజనమును లింగార్పితమే. అట్లయినచో, చల్లారి అడుగంటినది, ఎవరికిని చాలక మిగిలినది దినదినము ఆమె కంచమునకు చేరుచున్నదన్నచో, అది ఏ లింగమునకు నైవేద్యమగుచున్నది? పూజ మందిరమున దీపము చమురు తక్కువైనచో కలతపడు గృహస్థు, తన యింటనే మరియొక లింగమునకు ప్రతిదినము అడుగుమిగులు అర్పింపబడుచున్నదని ఎన్నడైనను తలంచెనా?

దీనికి పెద్దలు చెప్పు సమాధానములు లేకపోలేదు. మొదటిది, తల్లి ప్రేమతో చివర తినును. ఆ ప్రేమయే ఆమె దాసోహము. దానిని లెక్కలతో చెరుపరాదు అనునది. ఈ మాటలో కొంత సత్యమున్నది. బిడ్డకు పెట్టి తాను తినుట ఏ తల్లికిని ఎవరును నేర్పలేదు. కాని దాసోహమనగా ‘దాసుడను నేను’ అను భావముతో తానై చేయునది. ఒకరు తానై ఇచ్చుటకును, ఇయ్యక తప్పని చోట ఇచ్చుటకును భేదమున్నది. ఆమెకు ఆకలిగా ఉన్న దినమున ‘నేడు నేను ముందుగా తినెదను’ అనగలిగినచో, అనినను ఇంట ఎవరును విస్తుపోకుండినచో, తక్కిన దినములలో ఆమె చివర తినుట దాసోహమే. అనలేని ఇంట అది వాడుక మాత్రమే.

రెండవ సమాధానము ఇంకను శాస్త్రీయముగా కనిపించును. గురు జంగమ ప్రసాద శేషము పరమ పవిత్రము గదా, భర్త తిన్న పిదప మిగిలినది భార్యకు ప్రసాదమే గదా అని. కాని గురువును జంగముడును వేరు, గృహస్థు వేరు. గృహస్థు భక్తస్థలమున నున్నవాడు. ఆమెయు భక్తస్థలమున నున్నదే. ఒక భక్తుని శేషము మరియొక భక్తునకు ప్రసాదమగునన్నచో, ఆమె శేషమును అతనికి ప్రసాదము కావలెను. ఆ మాట ఎవరును అనరు. అంతేగాక శరణులు ‘శరణసతి, లింగపతి’ అనిరి. లింగమొక్కటే పతి, శరణులందరును సతులే, పురుషులతో సహా. ఈ భావమును ఉపన్యాసములలో తరచు చెప్పుదురు. వడ్డన వేళకు మరచుదురు.

మారయ్య లక్కమ్మల కథకు తరువాతి భాగము కూడ ఇచ్చట అవసరము. బసవేశ్వరుడు మొదలైనవారు ఆ దంపతుల మహిమ లోకమునకు తెలియవలెనని లక్షా తొంబదియారు వేల జంగములకు వారి యింట దాసోహము జరిపించిరనియు, లక్కమ్మ తన కొద్దిపాటి బియ్యముతోనే అందరిని తృప్తిపరచినదనియు సంప్రదాయము. దీనిని ఆధారము చేసికొని, భక్తి ఉన్నచో లెక్క అక్కరలేదు, శివుడే సమకూర్చునని కొందరు చెప్పుదురు. కథను సరిగా చదివినచో అట్లు తోచదు. అధికముగా వచ్చిన బియ్యమును ఆమె త్రిప్పి పంపినది. తన కాయకపు కొలతలోని బియ్యముతోనే వడ్డించినది. అద్భుతము కొలతను మన్నించిన తరువాత జరిగినది. పైగా, ఆ దాసోహమును ఒప్పుకొనినది ఆమె. ఆమెను అడుగకయే ఇంటికి అంతమందిని పిలిచి, తరువాత వంటింటివైపు చూచిన భర్త కథ కాదిది.

సాయంకాలము వంట ముగిసిన పిమ్మట తెలియజేయక వచ్చిన బంధువును గూర్చి ఆలోచింపవచ్చును. ఐదుగురికి వండిన ఇంట ఆరవ విస్తరి. చారులో ఒక చెంబుడు నీళ్లు పోసి సర్దుకొనుట మన ఇండ్లలో వాడుకయే; అందులో తప్పు లేదు. అన్నము మాత్రము నీటితో పెరుగదు. అప్పుడు భర్త చేయవలసిన పని, ‘ఏదో సర్దు’ అని కూడము నుండి కేకవేయుట కాదు. తన విస్తరిలో ఒక ముద్ద తగ్గించుకొనుట. ఐదుగురు తలకొక ముద్ద తగ్గించుకొనినచో ఆరవ విస్తరి నిండును, ఎవరును పస్తుండరు. ఒక్కరే పూర్తిగా మానుకొనినను ఆరవ విస్తరి నిండును. బియ్యపు లెక్కలో ఈ రెంటికిని భేదము లేదు. మొదటి ఇంట దాసోహము చేసినవారు ఐదుగురు. రెండవ ఇంట ఒక్కరే చేసిరి. పేరు నలుగురికి వచ్చినది.

గొప్ప దాసోహములను చూచి గృహస్థు చిన్నబోవలసిన పని లేదు. తిరుమలలో 1985లో నిత్యాన్నదానము మొదలైనది. నేడు తరిగొండ వెంగమాంబ పేరిట ఉన్న భవనమున దినమునకు వేలాది యాత్రికులు భోజనము చేయుదురు. తుమకూరు సిద్ధగంగా మఠమున 2019లో లింగైక్యులైన శివకుమార స్వామివారి కాలము నుండి వేలాది విద్యార్థులకు అన్నము, చదువు సాగుచున్నవి; ఆ అన్నము కొరకు స్వామివారు పల్లెపల్లెకు భిక్షకు వెళ్లుట ఆ ప్రాంతమున అందరెరిగినదే. అనగా, మఠపు మహా పాకశాల వెనుకను ఇంటింటి బియ్యపు డబ్బాయే ఉన్నది. పూట పూటకు వంటకు బియ్యము తీయునప్పుడు పిడికెడు తీసి వేరుగా ఉంచు అలవాటు అనేక కుటుంబములలో ఉండెడిది. ఐదుగురున్న ఇంట ఒక పిడికెడు ఎవరి కంచమునను కనబడదు. కొలత తెలిసిన ఇంటనే అది సాధ్యము; కొలత లేని ఇంట పిడికెడు తీసినదో లేదో కూడ తెలియదు.

చౌకగా కొనుటలోను ఒక చిక్కున్నది. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టున టమాటా కిలో ధర రెండు వందల రూపాయల దరిదాపులకు చేరగా ఇల్లాండ్రు చింతపండుతో సరిపెట్టుకొనిరి. ధర పడిపోయిన మరికొన్ని ఋతువులలో కోతకూలి కూడ రాక రైతులు పంటను రోడ్డుప్రక్కన పారబోసిరి. పట్టణ గృహస్థునకు చౌక దొరికిన దినమున పల్లె గృహస్థుని వంటింట ఏమి తగ్గినదో చెప్పనక్కరలేదు. లింగధారులలో ఈ ఇద్దరును ఉన్నారు. దీనికి వంటింటిలో పరిష్కారము లేదు. బేరమాడునప్పుడు చివరి రూపాయి వరకు లాగకుండుట ఒక్కటే గృహస్థు చేతిలోనున్నది.

లక్కమ్మ కొలతను నేటి ఇంట నిలుపవలెనన్నచో సరుకుల చీటీ ఇల్లాలొక్కతె మోయు రహస్యము కారాదు. జీతమెంత, అప్పెంత, పప్పు ఎన్ని కిలోలు, పాలు ఎన్ని లీటర్లు అనునవి భార్యాభర్తలును, ఎదిగిన బిడ్డలును కూర్చుండి చూచుకొనవలెను. మారయ్య మూట తెచ్చి భార్య ముందుంచెను, ఆమె ప్రశ్నించెను, ఆయన వినెను. సంపాదన ఎంతో చెప్పని భర్త ఇంట ఏ లక్కమ్మయు కొలువలేదు. వారమునకు రెండు మూడు దినములు సంగటి, ఉలవలు, అలసందలు మరల వంటింటికి వచ్చినచో కందిపప్పుపై భారము కొంత తగ్గును. చెనిక్కాయల ఊరిబిండి ఉన్న దినమున కూర లేకున్నను ముద్ద దిగును. వడ్డన విషయమున, అందరును ఒకేమారు కూర్చుండి, పాత్రలు మధ్యనుంచుకొని, ఎవరికి వారు వడ్డించుకొనుట మేలు. ఒకేమారు లింగార్పణ జరుగును. పప్పు ఎంత ఉన్నదో అందరి కండ్లకును కనబడును.

ఈ సీమలో చలికాలమున అనపకాయలు వచ్చినప్పుడు ఈ పద్ధతి దానంతట అదే కనిపించును. గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్క గింజను వ్రేళ్లమధ్య నొక్కి పైతోలు తీయనిదే పితికిపప్పు సిద్ధము కాదు. అది ఒక్క మనిషి వలన అగు పని కాదు గనుక ముసలివారు, బిడ్డలు, పొలము నుండి వచ్చిన మగవారు కూడ చేట చుట్టు కూర్చుందురు. ఎన్ని గింజలు పితికిన ఎంత పప్పు వచ్చునో ఆ రాత్రి ఇంటిలో అందరికిని తెలియును. పులుసు దించిన తరువాత వండిన ఆమెను కూడ పిలిచి, ఆమె కంచము వచ్చువరకు ఆగుదురు.